ఫోన్‌కి స్పెక్ షీట్ అడుగుతాం, మరి గనికి?

పోయిన నెల ఒక ఫోన్ రివ్యూ కోసం మా ఊరు కంబదూరుకి వెళ్లాను. 7000 ఎంఏహెచ్ బ్యాటరీ ఫోన్ అది. బ్యాటరీ ఫోన్లు నేను ఎక్కువగా మా ఊర్లోనే టెస్ట్ చేస్తాను. నలభై డిగ్రీల ఎండ, ఎర్రటి దుమ్ము, సగం సగం సిగ్నల్, మూడూ మా చేన్లో ఉచితంగా దొరుకుతాయి. ఏ ల్యాబ్‌లోనూ ఈ కాంబో దొరకదు.

వేప చెట్టు కింద కూర్చుని వీడియో లూప్ టెస్ట్ పెట్టాను. మా చిన్నాయన వచ్చి ఫోన్ చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "ఇంతింత బ్యాటరీ పెడతాండారు కదప్పా, దీంట్లోకి కావాల్సింది యాడ నుంచి తెస్తారు?" అన్నాడు.

"రాళ్లలోంచే చిన్నాయనా. లిథియం, కోబాల్ట్, రాగి, ఇంకా చాలా ఉంటాయి."

ఆయన నవ్వాడు. "నేను నాలుగు బోర్లు ఏయించినా. నాలుగింట్లో రాతిపొడి తప్ప ఏమీ రాలా. ఆ పొడి ఏమన్నా పనికొస్తాదేమో అడుగు మీ కంపెనీ వాళ్లను."

జోక్ బాగుంది కానీ నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అలాంటి ప్రశ్న మా జిల్లాకి నిజంగానే రాబోతోంది. ఈ సారి గ్యాడ్జెట్ గురించి కాకుండా గ్యాడ్జెట్ కింద ఉన్న మట్టి గురించి రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదవండి.

మన జేబులో ఉన్నది ఎంత?

ముందు చిన్న లెక్క. బ్యాటరీలో ఒక ఆంపియర్ అవర్ చార్జ్ దాచాలంటే కనీసం 0.26 గ్రాముల లిథియం కావాలి. ఇది కంపెనీ చెప్పే మాట కాదు, ఇంటర్ కెమిస్ట్రీలో చదివిన ఫారడే సూత్రం. 7000 ఎంఏహెచ్ అంటే 7 ఆంపియర్ అవర్. అంటే ఆ ఫోన్లో ఉన్న లిథియం దాదాపు 2 గ్రాములు.

2 గ్రాములే కదా అనిపిస్తుంది. ఆ ఫోన్ బ్యాటరీ కెపాసిటీ సుమారు 26 వాట్ అవర్. ఒక ఎలక్ట్రిక్ స్కూటర్లో 3 కిలోవాట్ అవర్ ప్యాక్ ఉంటే, అది 115 ఫోన్లతో సమానం. 45 కిలోవాట్ అవర్ ఎలక్ట్రిక్ కారు అయితే 1,700 ఫోన్ల పైమాటే. అందుకే ఈ గొడవ ఫోన్లతో ఆగదు. పెట్రోల్, బొగ్గు మానేసి కరెంటు బండ్లకి, సోలార్‌కి, గాలిమరలకి మారుతున్నాం కాబట్టి రాళ్ల అవసరం పెరుగుతోంది.

లిథియం ఒక్కటే కాదు. ఫోన్ స్పీకర్లో, వైబ్రేషన్ మోటార్లో ఉండే చిన్న మాగ్నెట్‌లో నియోడైమియం ఉంటుంది. అదే లోహం ఎలక్ట్రిక్ కారు మోటార్లో ఒకటి రెండు కిలోల మాగ్నెట్ల రూపంలో, కొన్ని రకాల గాలిమరల జనరేటర్లలో వందల కిలోల మాగ్నెట్ల రూపంలో ఉంటుంది. నియోడైమియం, ప్రసియోడైమియం, లాంథనం, సీరియం లాంటి వాటిని కలిపి రేర్ ఎర్త్స్ అంటారు. పేరుకి అరుదైనవి గానీ నిజానికి భూమిలో చాలా చోట్ల ఉంటాయి. ఒక్క చోట చిక్కగా దొరకవు, ఒకదాని నుంచి ఇంకోదాన్ని విడదీయడం నరకం. అసలు ఖర్చు, అసలు కాలుష్యం ఆ విడదీయడంలోనే ఉంటాయి. ప్రపంచంలో ఆ శుద్ధి పని సుమారు 90 శాతం చైనాలోనే జరుగుతోంది.

మా జిల్లా పేరు ఎందుకు వచ్చింది?

2023 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు అనంతపురం జిల్లా రాళ్లలో 15 రకాల రేర్ ఎర్త్స్ గుర్తించామని చెప్పారు. దండువారిపల్లె, రెడ్డిపల్లె, పెద్దవడుగూరు పేర్లు వార్తల్లోకి వచ్చాయి. ఎంత ఉందో, తవ్వితే గిట్టుతుందో తేలాలంటే లోతుగా డ్రిల్లింగ్ చేయాలని కూడా వాళ్లే చెప్పారు. అంటే అది ఇంకా గని కాదు, ఒక ఆశ మాత్రమే.

కానీ ఆ వారం మా ఊరి టీ బంకు దగ్గర వినాల్సింది. ఒకాయన భూముల రేట్లు పెరుగుతాయన్నాడు. ఇంకొకాయన ఫోన్ల ఫ్యాక్టరీ వస్తుందన్నాడు. తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో వజ్రాలు వెతికే జనం ఉన్న జిల్లా ఇది. భూమిలో ఏదో ఉందంటే మాకు నమ్మకం ఎక్కువ. పైనుంచి పడే వాన మీద నమ్మకం పోయింది కాబట్టి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అది కూడా పడాల్సినప్పుడు పడదు. దేశంలో అతి తక్కువ వానలు పడే జిల్లాల్లో మాదొకటి.

ఒక విషయం ముందే తేల్చి చెప్తున్నాను. నేను తవ్వకానికి వ్యతిరేకం కాదు. ఏడాదికి ముప్పై నలభై ఫోన్లు రివ్యూ చేసి, ఎలక్ట్రిక్ స్కూటర్ మీద తిరిగే నేను "గనులు వద్దు" అంటే అంతకన్నా దొంగ మాట ఉండదు. మన చేలో తవ్వకపోతే కాంగోలో కోబాల్ట్ గుంతల్లో పిల్లలు తవ్వుతారు, లేదా ఇన్నర్ మంగోలియాలో ఇంకొకరి ఊరి పక్కన యాసిడ్ బురద పేరుకుంటుంది. బాధ వేరే వాళ్ల ఊరికి పంపడం క్లీన్ ఎనర్జీ కాదు.

నా ప్రశ్న ఒక్కటే. తవ్వేటప్పుడు ఊరిని అడుగుతారా లేదా?

చూసిన గనులు ఏం నేర్పాయి?

మాకు గనులు కొత్త కాదు. మా పక్కనే రామగిరి. కేంద్ర ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ అక్కడ బంగారం తవ్వేది. 2001లో ఆ సంస్థే మూతపడింది. బంగారం పోయింది, జీతాలు పోయాయి, గుంతలు మాత్రం ఊరికి మిగిలాయి. అదే రామగిరి కొండల మీద 1990ల నుంచి గాలిమరలు తిరుగుతున్నాయి. చిన్నప్పుడు మేం వాటిని ఫ్యాన్లు అనేవాళ్లం.

మా జిల్లాలోనే ఓబుళాపురం. ఇనుప ఖనిజం కోసం అక్కడ రాష్ట్రాల సరిహద్దు గుర్తులే మారిపోయాయన్న కేసు అందరికీ తెలిసిందే. 2025 మేలో హైదరాబాద్ సీబీఐ కోర్టు ఆ కేసులో కొందరికి ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. వాళ్లలో గనుల శాఖ మాజీ డైరెక్టర్ కూడా ఉన్నారు. తర్వాత నెలలో తెలంగాణ హైకోర్టు అప్పీలు తేలే దాకా ఆ శిక్షను నిలిపింది. న్యాయం సంగతి కోర్టు చూసుకుంటుంది. నాకు అర్థమైంది ఏమిటంటే, కాగితం మీద గీసిన గీతను కాపాడేది ఆఫీసు ఒక్కటే అయితే ఆ గీత నిలబడదు. పక్క చేను రైతు కూడా చూస్తుండాలి.

పక్క జిల్లా కడపలో తుమ్మలపల్లె. యూసీఐఎల్ యురేనియం గని, శుద్ధి కర్మాగారం 2012లో మొదలయ్యాయి. ఖనిజం తీసేశాక మిగిలిన బురదను నింపే టెయిలింగ్ పాండ్ చుట్టుపక్కల ఊర్ల రైతులు తమ బోర్ల నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్ల తరబడి చెప్తూ వచ్చారు. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ సంస్థకి షోకాజ్ నోటీసు ఇచ్చింది. సంస్థ మాత్రం తమ వల్ల నీళ్లు పాడవలేదని చెప్పింది. ఎవరిది నిజం అని ఇప్పుడు తేల్చడం ఎందుకు కష్టం? గని రాకముందు ప్రతి బోరు నీళ్లు ఎలా ఉండేవో ఊరి చేతిలో లెక్క లేదు కాబట్టి.

గని మొదలవకముందే ఆ లెక్క ఊరి చేతిలో పెట్టమని అడిగే చోటు ఒకటి ఉంది. దాని పేరు ప్రజాభిప్రాయ సేకరణ.

అసలు విషయం: 2025 సెప్టెంబర్ 8

2006 నాటి ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గని రావాలంటే కాలుష్య నియంత్రణ మండలి ఊర్లో సభ పెట్టాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రాజెక్టు సారాంశం తెలుగులో ఇవ్వాలి. కలెక్టర్ లేదా ఆయన తరఫు అధికారి కూర్చోవాలి. ఎవరు ఏం మాట్లాడినా వీడియో తీయాలి, రాసుకోవాలి. ఆ సభలు ఎలా జరుగుతాయో మనకి తెలుసు. షామియానా వేస్తారు, ముందు వరసలో నాయకులు కూర్చుంటారు, బయట పోలీసులు ఉంటారు. చాలా సార్లు తతంగమే. కానీ ఆ తతంగంలో కూడా ఒక ముసలాయన లేచి "నా బోరుకి ఎవురు జవాబుదారీ?" అని అడిగితే అది రికార్డుకెక్కుతుంది. రేపు కోర్టులో ఆ కాగితం పనికొస్తుంది.

2025 సెప్టెంబర్ 8న కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఆఫీస్ మెమొరాండం ఇచ్చింది. అణు ఖనిజాలు, క్రిటికల్, స్ట్రాటెజిక్ ఖనిజాల గనులకి ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదని దాని సారాంశం. లీజు చిన్నదైనా పెద్దదైనా పరిశీలన ఢిల్లీ స్థాయిలోనే జరుగుతుంది. లిథియం, రేర్ ఎర్త్స్ ఈ జాబితాలోనే ఉన్నాయి. 2023లో గనుల చట్టాన్ని సవరించి 24 ఖనిజాలను వేరే జాబితాగా పెట్టి, వాటి వేలం అధికారం కేంద్రమే తీసుకుంది.

మా జిల్లా షెడ్యూల్డ్ ఏరియా కాదు. గిరిజన ప్రాంతాల్లో గ్రామసభకి పెసా చట్టం ఇచ్చే బలం మా పంచాయతీకి లేదు. మాకు ఉన్నది ఆ ఒక్క షామియానా. ఇప్పుడు అది కూడా పీకేశారు.

"మరి చైనా సంగతేంటి?"

ఈ మాట మీలో చాలామంది అంటారని తెలుసు. నిజమే, ఆ వాదన బలమైనదే. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల రేర్ ఎర్త్స్, వాటి మాగ్నెట్ల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. మన దగ్గర ఎలక్ట్రిక్ బండ్ల కంపెనీలు మాగ్నెట్లు దొరక్క ఇబ్బంది పడ్డాయి. ఒక దేశం మీద ఇంతగా ఆధారపడటం ప్రమాదమే. అందుకే కేంద్రం 2025 జనవరిలో 16,300 కోట్లతో నేషనల్ క్రిటికల్ మినరల్ మిషన్, నవంబర్‌లో 7,280 కోట్లతో రేర్ ఎర్త్ మాగ్నెట్ల పథకం ఆమోదించింది. రెండూ మంచి పనులే, ఇంకా ముందే చేయాల్సింది.

కానీ ఒకసారి ఆలోచించండి. మనకి అడ్డుపడింది ఊరి సభలా? కేరళ, తమిళనాడు, ఒడిశా తీరాల్లో బీచ్ శాండ్ నుంచి ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ దశాబ్దాలుగా ఖనిజాలు తీస్తూనే ఉంది. మోనజైట్ నిల్వల్లో మన ఆంధ్ర తీరానిదే పెద్ద వాటా. మనకి లేనిది దాన్ని లోహంగా, మాగ్నెట్‌గా మార్చే ఫ్యాక్టరీలు. 2023 ఫిబ్రవరిలో జమ్మూ రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం ఖనిజ వనరు ఉందని ప్రకటించారు, దేశమంతా సంబరాలు చేసుకుంది. తర్వాత వేలం పెడితే తగినంత మంది బిడ్డర్లే రాలేదు. అక్కడ ఆగింది శుద్ధి టెక్నాలజీ మీద, సమాచారం మీద నమ్మకం లేక. 30 రోజుల నోటీసు వల్ల కాదు.

పైగా హడావిడి పని చివరికి ఆలస్యమే చేస్తుంది. ఊరిని అడక్కుండా మొదలుపెట్టిన గని మీద కేసు పడుతుంది, ధర్నా జరుగుతుంది, లారీలు ఆగుతాయి. బీటా టెస్టింగ్ మానేసి అప్‌డేట్ వదిలితే ఏమవుతుందో మనకంటే ఎవరికి బాగా తెలుసు? బ్రిక్ అయిన ఫోన్‌ని సర్వీస్ సెంటర్‌లో మళ్లీ ఫ్లాష్ చేయొచ్చు. పాడైన బోరుకి ఫ్యాక్టరీ రీసెట్ లేదు.

గనికి కావాల్సిన స్పెక్ షీట్

ఫోన్ కొనేముందు ప్రాసెసర్, ర్యామ్, ఐపీ రేటింగ్, ఎన్నేళ్ల అప్‌డేట్స్ అని అన్నీ అడుగుతాం. గనికి కూడా అలాంటి కాగితం ఒకటి కావాలి. నా దృష్టిలో అందులో ఇవి ఉండాలి.

మొదటిది నీళ్లు. తవ్వకం మొదలవకముందే చుట్టూ ఉన్న బోర్లన్నింటి లోతు, నీటి నాణ్యత బయటి సంస్థతో పరీక్ష చేయించి ఊరికి ఇవ్వాలి. తర్వాత ప్రతి నెలా అవే బోర్లు, అదే పరీక్ష, అందరికీ కనిపించేలా. గనికి వాడే నీళ్లు ఎక్కడివో ముందే చెప్పాలి. ఆవులు తాగే నీళ్లకి లెక్క చూసుకునే ఊర్లో కొత్త బోరు వేసి రాళ్లు కడగకూడదు.

రెండోది బురద. రేర్ ఎర్త్ రాళ్లలో తరచుగా థోరియం, యురేనియం కొద్దికొద్దిగా కలిసి ఉంటాయి. అందుకే టెయిలింగ్ పాండ్ అడుగున లైనింగ్ తప్పనిసరి. వీలైన చోట బురదలో నీళ్లు పిండి మళ్లీ వాడుకుని, మిగిలినదాన్ని పొడి గుట్టగా పేర్చాలి. ఇది కొత్త టెక్నాలజీ ఏమీ కాదు, ఖర్చు పెట్టాలంతే.

మూడోది భూమి. మా దక్షిణాన సరిహద్దు దాటితే పావగడ. అక్కడి 2,050 మెగావాట్ల సోలార్ పార్క్ కోసం దాదాపు 13,000 ఎకరాలు కొనలేదు, లీజుకి తీసుకున్నారు. ఎకరాకి ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకోసారి 5 శాతం పెంచేలా రాసుకున్నారు. భూమి పేరు రైతు పేరు మీదే ఉంది. ఈ మోడల్ నాకు నచ్చింది. కానీ దాంట్లో ఒక బగ్ ఉంది. భూమి ఉన్నవాడికి అద్దె వచ్చింది, ఆ భూమిలో కూలికి పోయేవాడికి ఏమీ రాలేదు, పని మాత్రం పోయింది. గని ఒప్పందంలో కూలీల పేర్లు కూడా ఉండాలి.

నాలుగోది వాటా. ఇక్కడ లెక్క చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. 2023 అక్టోబర్‌లో రేర్ ఎర్త్స్‌కి రాయల్టీ 1 శాతంగా పెట్టారు. వేలంలో వచ్చిన గని అయితే, గని ఉన్న ప్రాంతం కోసం ఉన్న జిల్లా ఖనిజ నిధికి ఆ రాయల్టీలో 10 శాతం కట్టాలి. అంటే 100 రూపాయల ఖనిజం తీస్తే రాయల్టీ 1 రూపాయి, ఆ ప్రాంతానికి 10 పైసలు. వేలం ప్రీమియం ప్రభుత్వానికి వేరుగా వెళ్తుంది, నిజమే. కానీ దుమ్ము పీల్చే ఊరి పేరు మీద వచ్చేది ఆ 10 పైసలే.

ఐదోది మూసేటప్పటి డబ్బు. గుంత పూడ్చడానికి, మట్టి కప్పి చెట్లు పెట్టడానికి అయ్యే అసలు ఖర్చు మొదటి రోజే బ్యాంకులో పడాలి. రామగిరిలా మరో ఊరు మిగలకూడదు.

ఆరోది, అన్నింటికన్నా ముఖ్యమైనది, ఆ షామియానా తిరిగి వేయడం.

ఇవన్నీ గాలి మాటలు కావు. ఇర్మా అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. బయటి ఆడిటర్లు గనికి వెళ్లి, ఊర్లో జనంతో మాట్లాడి, నీళ్లు, భద్రత, హక్కుల మీద మార్కులు వేస్తారు, రిపోర్టు అందరికీ చూపిస్తారు. చిలీలోని అటకామా ఎడారిలో లిథియం తీసే రెండు పెద్ద కంపెనీలు 2023లో ఆ ఆడిట్‌కి కూర్చున్నాయి. అల్బెమార్ల్‌కి 50 స్థాయి, ఎస్‌క్యూఎంకి 75 స్థాయి వచ్చాయి. ఆ మార్కులతో అక్కడి నీళ్ల గొడవ తీరిపోయిందని కాదు. కనీసం గనులకి కూడా బెంచ్‌మార్క్ స్కోర్ ఇవ్వొచ్చని తేలింది.

మన వంతు సంగతి

ఇక మన దగ్గరికి వద్దాం. నా టేబుల్ డ్రాయర్‌లో ఆరు చచ్చిపోయిన ఫోన్లు ఉండేవి. ఒకదాని బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. ఆ ఆరింటినీ మొన్న అధీకృత కలెక్షన్ సెంటర్లో ఇచ్చి వచ్చాను. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. బ్యాటరీ రీసైక్లింగ్, ఈ-వేస్ట్ నుంచి ఖనిజాలు తీయడం కోసం 2025 సెప్టెంబర్‌లో కేంద్రం 1,500 కోట్ల పథకం కూడా తెచ్చింది. రీసైక్లింగ్ ఒక్కటే చాలదు, ఎందుకంటే ఈ రోజు అమ్మిన కారు బ్యాటరీ పదేళ్ల తర్వాత గానీ రీసైక్లింగ్‌కి రాదు. కానీ డ్రాయర్‌లో పడుకున్న ప్రతి ఫోన్ ఇప్పటికే తవ్వేసిన గని. దాన్ని వదిలేసి కొత్త గని తవ్వమనడం తప్పు.

అన్నింటికన్నా సులువైన పని, ఉన్న ఫోన్‌ని ఇంకో రెండేళ్లు వాడటం. గెలాక్సీ ఎస్24, పిక్సెల్ 8 లాంటివి 7 ఏళ్ల అప్‌డేట్స్ ఇస్తామన్నప్పుడు ఏడాదికోసారి మార్చాల్సిన పనేంటి? యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి బ్యాటరీని వాడేవాళ్లే మార్చుకునేలా ఉండాలన్న నిబంధన అమల్లోకి వస్తోంది. మన దగ్గర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరబిలిటీ ఇండెక్స్ కోసం వేసిన కమిటీ 2025 మేలో రిపోర్టు ఇచ్చింది. అది త్వరగా బాక్స్ మీదికి రావాలి.

నా వైపు నుంచి ఒక మార్పు. ఇక నుంచి నా ప్రతి రివ్యూలో మూడు లైన్లు కొత్తగా ఉంటాయి: ఒరిజినల్ బ్యాటరీ మార్పించడానికి ఎంత అవుతుంది, అప్‌డేట్స్ ఎన్నేళ్లు, ఖనిజాలు ఎక్కడి నుంచి తెస్తున్నామో కంపెనీ చెప్పిందా లేదా. చెప్పకపోతే "చెప్పలేదు" అని రాస్తాను. మీరు కూడా లాంచ్ ఈవెంట్లలో, సోషల్ మీడియాలో కంపెనీలను ఇదే అడగండి. వందమంది అడిగితే పట్టించుకోరు, లక్షమంది అడిగితే స్పెక్ షీట్లో ఒక వరస పెరుగుతుంది. ఒకప్పుడు సార్ వాల్యూ కూడా ఎవరూ చెప్పేవాళ్లు కాదు, గుర్తుందా?

ఆ రోజు సాయంత్రం టెస్ట్ అయిపోయేసరికి ఫోన్లో ఇంకా 31 శాతం చార్జ్ ఉంది. మంచి స్కోరే. చిన్నాయనకి ఎన్‌జీఆర్‌ఐ సంగతి, మెమో సంగతి మొత్తం చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తువ్వాలు దులుపుకుంటూ లేచాడు.

"తవ్వుకోనీలే అప్పా, దేశానికి కావాలంటే ఎవురు వద్దంటారు? బోరు ఏసేటోడు కూడా యాడ ఏయాలో ఫస్టు నన్నడిగే ఏస్తాడు. వీళ్లకేం వచ్చింది?"